పాలు పడలేదని తల్లిని అనేముందు ఆస్పత్రి పద్ధతులు చూడాలి

తెలుగు రాష్ట్రాల్లో ఇంట్లో పురుడు అనేది దాదాపు ఆగిపోయింది. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే తెలంగాణలో నూటికి 97, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96కు పైగా కాన్పులు ఆస్పత్రుల్లోనే అయ్యాయి. అంటే బిడ్డ పుట్టే నిమిషానికి పక్కన డాక్టరో నర్సో ఉంటున్నారు. గంటలోపు తల్లిపాలు పట్టాలని వాళ్ళంతా చదువుకున్నవాళ్ళే. అయినా అదే సర్వేలో, తెలంగాణలో పుట్టిన గంటలోపు తల్లిపాలు తాగిన పిల్లలు నూటికి 37 మందే. దేశం మొత్తం మీద చూసినా 42 దాటలేదు.

ఇదివరకు ఈ ఆలస్యానికి ఇంటి ఆచారాలను తప్పుపట్టేవాళ్ళం. ముర్రుపాలు పిండి పారబోసేవారు, తేనె నాకించేవారు, ఆముదం పోసేవారు, మూడో రోజు దాకా బిడ్డను రొమ్ముకు పట్టనిచ్చేవారు కాదు. ఆ అలవాట్లు అక్కడక్కడా ఇంకా ఉన్నాయి. కానీ పురుడు ఇంటి నుంచి ఆస్పత్రికి మారి ఇన్నేళ్ళయినా ఆలస్యం మాత్రం పోలేదు. నేను గమనించినంతవరకు దీనికి కారణం ఏ ఒక్కరి అజ్ఞానమో, నిర్లక్ష్యమో కాదు. ఆస్పత్రిలో కాన్పయ్యాక ఏ పని తర్వాత ఏ పని జరగాలో ఒక వరస ఉంటుంది. ఆ వరసలో తల్లిపాలకు చోటు దొరకడం లేదు.

ముందు పాలు ఎలా వస్తాయో తెలుసుకుంటే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. ముర్రుపాలు కాన్పుకు కొన్ని నెలల ముందే రొమ్ములో తయారై ఉంటాయి. అయితే గర్భం ఉన్నంతకాలం మాయ నుంచి వచ్చే ప్రొజెస్టెరాన్ అనే హార్మోను పాల ఉత్పత్తి పెరగకుండా పట్టి ఉంచుతుంది. మాయ బయటపడగానే ఆ హార్మోను పడిపోతుంది, పాలు తయారుచేయించే ప్రొలాక్టిన్‌కు అడ్డు తొలగుతుంది. అప్పటినుంచి రొమ్ములు నిండి బరువెక్కడానికి రెండు మూడు రోజులు, ఒక్కోసారి నాలుగు రోజులు పడుతుంది. తొలి కాన్పు అయినా, సిజేరియన్ అయినా, తల్లికి షుగరు ఉన్నా ఇంకాస్త ఆలస్యం కావచ్చు. ఈలోగా బిడ్డకు దొరికేవి ముర్రుపాలే. మొదటి రోజు ఒక్కో విడతకు ఒకటి రెండు చెంచాలకు మించవు. ఆరోగ్యంగా, నెలలు నిండి పుట్టిన బిడ్డకు ఆ రోజు కావలసింది కూడా అంతే.

కాబట్టి మొదటి రెండు రోజులూ రొమ్ము మెత్తగా ఉండటం, నొక్కితే నాలుగు చుక్కలే రావడం మామూలు విషయం. అదేదో లోపం అన్నట్టు అందరం కంగారు పడతాం. అసలు చిక్కు తర్వాత వస్తుంది. పాలు పడ్డాక ఎన్ని తయారవ్వాలో తేల్చేది ఎన్ని బయటికి వెళ్తున్నాయి అన్నదే. బిడ్డ తరచూ తాగితే తయారీ పెరుగుతుంది. పాలు రొమ్ములోనే నిలిచిపోతే తయారీ తగ్గించుకోమని ఆ రొమ్ముకే సంకేతం అందుతుంది. పాలను బయటికి నెట్టే ఆక్సిటోసిన్ అనే ఇంకో హార్మోను ఉంది. నొప్పి, భయం, టెన్షన్, పదిమంది ముందు రొమ్ము తీయాలంటే కలిగే సిగ్గు దాన్ని ఆపగలవు. అంటే మొదటి మూడు రోజుల్లో బిడ్డ ఎక్కడ ఉంది, ఎన్నిసార్లు రొమ్ము పట్టింది, తల్లికి నొప్పి తగ్గించారా, పక్కన ఎవరున్నారు అన్నవే ఆ తర్వాతి నెలలను నిర్ణయిస్తాయి. ఇవన్నీ ఆస్పత్రి చేతిలో ఉన్న విషయాలు. తల్లి చేతిలో ఉన్నవి చాలా తక్కువ.

ఇప్పుడు మొదటి గంట సంగతి. పుట్టిన బిడ్డను తుడిచి, బట్టలు లేకుండా తల్లి ఛాతీ మీద బోర్లా పడుకోబెట్టి, ఇద్దరి మీదా ఒక దుప్పటి కప్పి వదిలేస్తే ఆ బిడ్డ కాసేపు ఊరుకుని, తర్వాత చేతులు నోట్లో పెట్టుకుని, కాళ్ళతో తన్నుకుంటూ మెల్లగా రొమ్ము దాకా తనే పాకుతుంది. 1987లో స్వీడన్ పరిశోధకులు ఈ వరసను నమోదు చేశారు. మూడేళ్ళ తర్వాత అదే దేశంలో చేసిన మరో చిన్న పరిశీలన ఇంకా కళ్ళు తెరిపిస్తుంది. కనీసం గంటసేపు కదపకుండా తల్లి మీదే ఉంచిన 38 మంది శిశువుల్లో 24 మంది సరైన పద్ధతిలో రొమ్ము పట్టారు. ఇరవై నిమిషాలకే తీసి బరువు, కొలతలు చూసి మళ్ళీ తెచ్చిన 34 మందిలో అలా పట్టినవాళ్ళు ఏడుగురే. బరువు తూచడం తప్పేం కాదు. అది గంట ఆగి చేసినా వచ్చే నష్టం లేదు. విటమిన్ కె ఇంజెక్షనూ అంతే. తల్లి ఛాతీ వెచ్చదనం బిడ్డ ఒంటి వేడిని, గుండె కొట్టుకునే తీరును, రక్తంలో చక్కెరను నిలకడగా ఉంచడానికి సాయపడుతుంది.

మనకు సిజేరియన్ దగ్గర ఇదంతా తెగిపోతోంది. మొదట చెప్పిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 42 కాన్పులు ఆపరేషన్లే. తెలంగాణ ప్రైవేటు ఆస్పత్రుల్లో అయితే నూటికి 80 దాటాయి. ఇన్ని ఆపరేషన్లు అవసరమా అన్నది వేరే పెద్ద చర్చ, దాన్ని ఇక్కడ కలపను. ఆపరేషన్ అయ్యాక ఏం జరుగుతుందో మాత్రం చాలా కుటుంబాలకు తెలిసిందే. బిడ్డను తల్లికి ఒకసారి చూపిస్తారు. బిడ్డను వెచ్చగా ఉంచే వార్మర్ కింద పెట్టి, తుడిచి, తూచి, గుడ్డ చుట్టి, చేతికి ట్యాగు కట్టి బయట ఉన్న బంధువుల చేతికి ఇస్తారు. అక్కడ ఫోటోలు, వీడియో కాల్స్. తల్లికి కుట్లు వేసి రికవరీ గదికి మారుస్తారు. రెండు మూడు గంటలు గడుస్తాయి. ఈలోపు బిడ్డ ఏడుస్తుంది. ఆకలేమో అంటుంది అమ్మమ్మ. తల్లి ఇంకా రాలేదు కదా, ప్రస్తుతానికి కింద మెడికల్ షాపులో డబ్బా తెచ్చుకోండి అంటారు ఎవరో. ఇందులో చెడ్డవాళ్ళు ఎవరూ లేరు. థియేటర్ నర్సు తన పని చేసింది, వార్డు నర్సు తన పని చేసింది, అమ్మమ్మ బిడ్డ ఏడుపు చూడలేకపోయింది. తల్లినీ బిడ్డనీ కలిపి ఉంచడం మాత్రం ఎవరి పనీ కాలేదు.

సిజేరియన్లలో ఎక్కువ భాగం వెన్నుకు మత్తు ఇచ్చి చేసేవే. నడుము కింద స్పర్శ తెలియదు తప్ప తల్లి మెలకువగానే ఉంటుంది. తల్లీ బిడ్డా నిలకడగా ఉంటే కుట్లు వేస్తుండగానే బిడ్డను ఛాతీ మీద పెట్టవచ్చు. అందుకు కొత్త యంత్రాలేమీ అక్కర్లేదు. ఈసీజీ పట్టీలను ఛాతీ మధ్యలో కాకుండా పక్కలకు అంటించాలి. ఒక చెయ్యి వైర్లు, సెలైన్ లేకుండా ఖాళీగా ఉండాలి. గౌను ముందు వైపు తెరుచుకునేలా ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆ గంటసేపు బిడ్డ ముక్కు, రంగు, ఊపిరి చూస్తూ ఒక మనిషి పక్కనే నిలబడాలి. ఆ మనిషి డ్యూటీ చార్టులో ఉంటేనే ఇది జరుగుతుంది. గోడ మీద పోస్టరు అంటిస్తే జరగదు.

మొదటి రోజు పట్టిన డబ్బా పాల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఒక్కసారికి ఏమవుతుందిలే అనే మాట అందరి నోటా వినిపిస్తుంది. ఒకటి రెండు చెంచాలు చాలే కడుపులో ముప్పై మిల్లీలీటర్లు పోస్తే బిడ్డ మూడు నాలుగు గంటలు గాఢంగా నిద్రపోతుంది. డబ్బా పాలు మెల్లగా అరుగుతాయి కూడా. ఆ నిద్రలో బిడ్డ రొమ్ము పట్టదు, రొమ్ముకు సంకేతం అందదు. లేచాక మళ్ళీ తల్లి దగ్గర పెడితే రెండు చుక్కలే వస్తాయి, బిడ్డ విసుగ్గా ఏడుస్తుంది. చూశారా పాలు లేవు అని అందరూ ఒక మాట మీదకు వస్తారు. ఇంకో సీసా కలుపుతారు. ఇలా రెండు రోజులు గడిస్తే పాలు పడటం నిజంగానే ఆలస్యమవుతుంది. మొదట్లో లేని సమస్యను ఆ సీసానే తెచ్చిపెట్టింది. పైగా సీసా పీక నుంచి పాలు వాటంతట అవే ధారగా వస్తాయి. రొమ్ము నుంచి తాగాలంటే బిడ్డ నోరు పెద్దగా తెరిచి, చనుమొనే కాక దాని చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు నోట్లోకి తీసుకుని, దవడతో పని చేయాలి. తేలికైన దానికి అలవాటుపడిన కొందరు పిల్లలు కష్టమైన దాన్ని వద్దంటారు.

అయితే డబ్బా పాలు ఎప్పుడూ తప్పే అనడం కూడా ప్రమాదమే. నెలలు నిండక పుట్టినవాళ్ళు, బరువు బాగా తక్కువున్నవాళ్ళు, షుగరున్న తల్లుల బిడ్డలు రక్తంలో చక్కెర పడిపోయే ముప్పులో ఉంటారు. పుట్టిన బరువులో పది శాతానికి మించి తగ్గిపోయిన బిడ్డను, మూత్రం రాకుండా మగతగా పడి ఉన్న బిడ్డను తల్లిపాల మీద పట్టుదలతో అలాగే ఉంచకూడదు. ఎండాకాలంలో ఒంట్లో నీరు తగ్గి, సోడియం పెరిగి ప్రాణం మీదకు వచ్చే అవకాశం ఉంది. కొద్దిమంది తల్లులకు రొమ్ములో పాలగ్రంథులు తక్కువగా ఉండటం వల్లో, పాత ఆపరేషన్ వల్లో, మాయ ముక్క లోపల ఉండిపోవడం వల్లో నిజంగానే పాలు చాలవు. వాళ్ళకు సాయం కావాలి, ఉపన్యాసం కాదు. మంచి ఆస్పత్రి కూడా అవసరమైతే డబ్బా పాలు ఇస్తుంది. కాకపోతే ఎందుకు ఇస్తున్నదీ కేసు షీటులో రాస్తుంది. ముందు తల్లి చేత్తో పాలు పిండించి పట్టిస్తుంది, అవి చాలకపోతే దాతలు ఇచ్చిన పాలు నిల్వచేసే బ్యాంకు నుంచి పాలు, అవీ లేకపోతేనే డబ్బా. పట్టేది సీసాతో కాదు, చెంచాతో, లేదా మన ఇళ్ళల్లో ఇప్పటికీ ఉన్న ఉగ్గు గిన్నెతో. అమ్మమ్మలు ఇంటి నుంచి తెచ్చే సామానులో ఆస్పత్రివాళ్ళు మెచ్చుకోవలసిన వస్తువు ఏదైనా ఉంటే అది ఉగ్గు గిన్నే.

బరువు గురించి ఒక చిన్న విషయం చాలామందికి తెలియదు. ప్రసవానికి ముందు తల్లికి సెలైన్ ఎక్కువగా ఎక్కిస్తే ఆ నీరు కొంత బిడ్డకూ చేరి పుట్టిన బరువు కాస్త ఎక్కువ చూపిస్తుంది. మరుసటి రోజుకు అది మూత్రంగా పోతుంది. దాన్ని చూసి బిడ్డ చిక్కిపోయింది, పాలు చాలడం లేదు అని తేల్చేస్తారు. అందుకే 24 గంటల నాటి బరువును ఆధారంగా తీసుకోవడం మేలని కొందరు పరిశోధకులు సూచించారు. కనీసం డబ్బా రాసేముందు తల్లికి ఎంత సెలైన్ ఎక్కిందో చూసి, ఎన్ని గుడ్డలు తడిపింది అని అడిగితే చాలు. తడిపిన గుడ్డలు మొదటి రోజు ఒకటి, రెండో రోజు రెండు, ఇలా పెరుగుతూ ఐదారు రోజులకు ఆరు దాటితే కంగారు పడనక్కర్లేదు.

వార్డులో జరిగే మార్పులు చెప్పుకోవడానికి చిన్నవే. బిడ్డను నర్సరీకి తీసుకెళ్ళకుండా రాత్రింబవళ్ళూ తల్లి పక్కనే ఉంచాలి. రాత్రి ప్రొలాక్టిన్ ఎక్కువగా ఉంటుంది కాబట్టి తల్లి విశ్రాంతి పేరుతో రాత్రి పాలు ఆపించడం బెడిసికొడుతుంది. రెండు గంటలకోసారి అని గడియారం చూడకుండా, బిడ్డ తల తిప్పుతూ వెతకడం, చేతులు చప్పరించడం మొదలుపెట్టగానే పట్టించాలి. ఏడుపు దాకా వెళితే అప్పటికే ఆలస్యం. కామెర్లకు లైటు కింద పెట్టిన బిడ్డనూ పాలకు తియ్యవచ్చు. ఎండాకాలంలోనూ నీళ్ళు తాగించనక్కర్లేదు, తల్లిపాలలో దాదాపు 87 శాతం నీళ్ళే.

తేలికకానిది రొమ్ము పట్టించడం నేర్పడం. ఇది మాటలతో రాదు. నర్సు వచ్చి బిడ్డ తల పట్టుకుని రొమ్ముకు అదిమితే ఆ ఒక్కసారికి పని అవుతుంది, ఆమె వెళ్ళిపోయాక తల్లికి మళ్ళీ రాదు. కుట్లు నొప్పిగా ఉన్న తల్లిని పక్కకు తిప్పి, వీపు వెనక దిండు పెట్టి, తన చేత్తో తనే పట్టించేలా పక్కన కూర్చోవాలి. దానికి ఇరవై నిమిషాలు పడుతుంది. నలభై మంది బాలింతలున్న వార్డులో ఇద్దరు నర్సులుంటే ఆ ఇరవై నిమిషాలు ఎక్కడ దొరుకుతాయి? ఈ ప్రశ్నకు జవాబు లేకుండా సిబ్బంది మీద కోప్పడటం న్యాయం కాదు. తెలంగాణ 2017 నుంచి యునిసెఫ్‌తో, హైదరాబాద్‌లో కాన్పుల ఆస్పత్రులు నడిపే ఫెర్నాండెజ్ సంస్థతో కలిసి నర్సులకు మిడ్‌వైఫరీ, అంటే కాన్పు దగ్గరుండి చేయించే పనిలో శిక్షణ ఇప్పించడం నాకు అందుకే ఆశగా కనిపిస్తుంది. కాన్పు ముందు నుంచి తర్వాత దాకా ఒకే మనిషి వెంట ఉంటే ఈ పని ఎవరిది అన్న సందేహమే రాదు.

ఇవన్నీ కొత్తగా కనిపెట్టినవి కావు. 1989లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి తల్లిపాల కోసం కాన్పుల ఆస్పత్రులు పాటించాల్సిన పది మెట్లు ప్రకటించాయి. 1991లో వాటి ఆధారంగా శిశు స్నేహ ఆస్పత్రుల కార్యక్రమం మొదలైంది, 2018లో ఆ మెట్లను సవరించారు. ఇవి పనిచేస్తాయా అన్న దానికి గట్టి రుజువు బెలారస్ నుంచి వచ్చింది. 1996-97లో అక్కడ 31 ఆస్పత్రులను చీటీలు తీసినట్టు రెండుగా విడదీశారు. కొన్నింట్లో సిబ్బందికి ఈ మెట్ల ప్రకారం శిక్షణ ఇచ్చి పద్ధతులు మార్చారు, మిగతావి ఎప్పటిలాగే నడిచాయి. 17 వేల మందికి పైగా తల్లీబిడ్డలను ఏడాది గమనించారు. మూడో నెలకు కేవలం తల్లిపాల మీదే ఉన్న పిల్లలు మామూలు ఆస్పత్రుల వైపు నూటికి 6, మార్చిన వైపు 43. విరేచనాల వంటి కడుపు ఇన్ఫెక్షన్లు నూటికి 13 నుంచి 9కి తగ్గాయి. తల్లులు అటూ ఇటూ ఒకే రకం వాళ్ళు, అందరూ పాలివ్వాలనుకున్నవాళ్ళే. మారింది ఆస్పత్రీ, దానితో నడిచే క్లినిక్కూ మాత్రమే. తల్లిపాలు తల్లి ఇష్టాన్ని బట్టి, ఓపికను బట్టి ఉంటాయని వాదించేవారికి నేను మొదట చూపించేది ఈ అంకెలే.

మన దేశంలోనూ తొంభైల్లో ఈ కార్యక్రమం వచ్చింది, కొంతకాలం సాగి చప్పబడింది. 2016 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం 'మా' అనే తల్లిపాల ప్రోత్సాహక కార్యక్రమంతో మళ్ళీ ఊపు తెచ్చే ప్రయత్నం చేసింది. వీటికి తోడు మనకు గట్టి చట్టం కూడా ఉంది. 1992లో వచ్చి 2003లో సవరణ అయిన ఆ చట్టం ప్రకారం రెండేళ్ళ లోపు పిల్లల పాల డబ్బాలకు, ఆహారానికి, పాల సీసాలకు ప్రకటన ఇవ్వడం నేరం. ఉచిత శాంపిళ్ళు పంచకూడదు. డాక్టర్లకు, నర్సులకు కానుకలు ఇవ్వకూడదు. డబ్బా మీద బిడ్డ బొమ్మ వెయ్యకూడదు. ఉల్లంఘిస్తే మూడేళ్ళ దాకా జైలు. ఇంత చట్టం ఉన్నా, అవసరం రాకముందే కాన్పుకు తెచ్చుకోవలసిన సామాను చీటీలో డబ్బా పేరు కనిపిస్తే ఏం చెయ్యాలో చాలామందికి తెలియదు. ఎందుకు రాశారని అడగడం కుటుంబం హక్కు.

నెలలు నిండని పిల్లల వార్డుల్లో మాత్రం మనం చెప్పుకోదగ్గ పనే చేశాం. ఆసియాలో తొలి తల్లిపాల బ్యాంకు 1989లో ముంబయి సయన్ ఆస్పత్రిలో మొదలైంది. హైదరాబాద్ నీలోఫర్‌లో ధాత్రి పేరుతో బ్యాంకు ఉంది. ఇలాంటి బ్యాంకుల్లో దాతల పాలను 62.5 డిగ్రీల దగ్గర అరగంట వేడి చేసి నిల్వచేస్తారు. బిడ్డను తల్లి ఛాతీకి కట్టి ఉంచే కంగారూ పద్ధతి మీద మన దేశం సహా ఐదు దేశాల్లో జరిగిన పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. బిడ్డ నిలకడపడే దాకా ఆగకుండా పుట్టిన వెంటనే మొదలుపెడితే నెలలోపు మరణాలు నాలుగో వంతు తగ్గాయి. అంటే ఐసియూ గుమ్మం బయట కూర్చోబెట్టిన తల్లిని లోపలికి పిలిచి బిడ్డ పక్కన మంచం వెయ్యడం కూడా వైద్యమే.

ఆస్పత్రి పని డిశ్చార్జితో అయిపోదు. మామూలు కాన్పయితే రెండు రోజులకు ఇంటికి పంపుతారు. సరిగ్గా ఆ మర్నాడో, ఆ పైరోజో పాలు పడి రొమ్ములు గట్టిపడి, చనుమొనలు పగిలి, జ్వరంలా వచ్చి తల్లి బెంబేలెత్తేది. ఆశా కార్యకర్త మూడో రోజు, ఏడో రోజు, ఇలా 42వ రోజు దాకా ఆరుసార్లు ఇంటికి రావాలన్నది నియమం. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్ళే మన అలవాటు ఇక్కడ ఒక చిక్కు తెస్తుంది. పేరు నమోదైంది అత్తగారి ఊళ్ళో, పరీక్షలకు వెళ్ళింది ఒక ఆస్పత్రికి, కాన్పు ఇంకో ఆస్పత్రిలో, బాలింత ఉన్నది మూడో చోట. తల్లిపాల గురించి గర్భిణికి ముందుగా చెప్పాల్సిన నాలుగు మాటలు రెండు ఆస్పత్రుల మధ్య ఎక్కడో పోతాయి. పుట్టింట్లో ఉన్న కొత్త బాలింత పేరు అక్కడి ఆశాకు చేరదు. ఇంట్లోవాళ్ళు చొరవ తీసుకుని పుట్టింటి ఊరి ఆశాకు ముందే చెప్పుకోవడం మంచిది.

కాన్పు ఆస్పత్రి ఎంచుకునేటప్పుడు గది అద్దె, ఏసీ, ప్యాకేజీ అడుగుతాం. వాటితోపాటు ఇవీ అడగండి. సిజేరియన్ అయితే థియేటర్‌లోనే బిడ్డను తల్లి మీద ఉంచుతారా? రికవరీ గదిలోకి బిడ్డను తెస్తారా? రాత్రి బిడ్డ ఎక్కడ ఉంటుంది? డబ్బా పాలు పట్టేముందు తల్లిని అడుగుతారా? ఇంటికి వెళ్ళాక రొమ్ము నొప్పి పుడితే ఏ నంబరుకు ఫోన్ చెయ్యాలి? ఇంటికి వెళ్ళేటప్పుడు ఇచ్చే కాగితంలో డబ్బా పాలు ఇన్ని మిల్లీలీటర్లు అని రాసి ఉంటే, కారణం, ఎన్నాళ్ళు, మళ్ళీ పూర్తిగా తల్లిపాలకు ఎలా రావాలి అన్నవి కూడా రాయించుకునే బయటికి రండి.